అన్న చాటుగా ఇచ్చిన బన్ను

ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది కదా! ఓసారి యూట్యూబ్‌లో 'ఎ డాగ్స్ లైఫ్' అని వెతకండి. 1918లో వచ్చిన చార్లీ చాప్లిన్ మూకీ సినిమా అది. అందులో ఓ తిండి బండి సీన్ ఉంటుంది. బండి మీద పళ్లెంలో కేకులు. బండివాడు అటు తిరగ్గానే చార్లీ ఒకటి తీసి గుటుక్కున మింగేస్తాడు. ఇటు తిరిగేసరికి ఏమీ ఎరగనట్టు నిలబడతాడు. మళ్లీ అటు తిరిగితే ఇంకోటి. చూస్తూ చూస్తూ ఉండగానే పళ్లెం ఖాళీ. బండివాడికి ఒకటే అనుమానం, కానీ దొంగ దొరకడు. సినిమా వచ్చి వందేళ్లు దాటినా ఆ సీనుకి ఇప్పటికీ నవ్వు ఆగదు.

ఇంతకీ ఆ బండివాడు ఎవరో తెలుసా? చాప్లిన్ అన్న సిడ్నీ.

ఆ సంగతి తెలిశాక సీన్ మళ్లీ చూడండి. నవ్వుతో పాటు ఇంకేదో కూడా గొంతులో అడ్డుపడుతుంది. ఎందుకంటే, అప్పటికి 22 ఏళ్ల క్రితం ఈ అన్నదమ్ములిద్దరూ లండన్ బయట అనాథ పిల్లల బడిలో ఉన్నారు. సిడ్నీకి అక్కడి వంటగదిలో పని. సినిమాలో అన్న కళ్లు గప్పి తమ్ముడు తింటాడు. ఆ బడిలో మాత్రం అందరి కళ్లూ గప్పి అన్నే తమ్ముడికి పెట్టేవాడు.

అమ్మ ఉంది... ఇల్లే లేదు

చార్లీ 1889 ఏప్రిల్ 16న పుట్టాడు. సిడ్నీ నాలుగేళ్లు పెద్ద. ఇద్దరికీ తల్లి ఒక్కతే, తండ్రులు వేరు. ఆ తేడా వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. తల్లి హన్నా స్టేజి మీద పాడేది. చార్లీ తండ్రి కూడా పేరున్న గాయకుడే. కానీ తాగుడు. చార్లీ బాగా చిన్నగా ఉన్నప్పుడే ఆలుమగలు విడిపోయారు. హన్నాకి తర్వాత ఇంకో కొడుకు పుట్టాడు, వీలర్. ఏడాదైనా నిండకముందే ఆ పిల్లాణ్ని వాళ్ల నాన్న ఎత్తుకుపోయాడు.

అదే సమయంలో హన్నా గొంతు పోయింది. పాట లేకపోతే కూడు లేదు. అద్దె కుట్టు మిషను మీద జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని పోషించింది. పగలూ రాత్రీ కుట్టినా వచ్చేది అంతంతమాత్రం. సిడ్నీ బడి అయ్యాక పేపర్లు అమ్మేవాడు. ఓరోజు బస్సులో పేపర్లు అమ్ముతుంటే సీటు మీద ఎవరో వదిలేసిన పర్సు కనిపించింది. ఇంటికి తెచ్చి చూస్తే అందులో ఏడు బంగారు నాణేలు! ఎవరి పర్సో తెలిపే చీటీ ఏదీ లేదు. ఆ డబ్బుతో అమ్మ ఇద్దరికీ కొత్త బట్టలు కొని, సముద్రం చూపించడానికి సౌత్ఎండ్ తీసుకెళ్లింది. చార్లీ సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి.

ఆ డబ్బు ఎన్నాళ్లు వస్తుంది? వాయిదాలు కట్టలేదని కుట్టు మిషను పట్టుకుపోయారు. హన్నాకి తలనొప్పులు, జబ్బు. 1896 మేలో ముగ్గురూ వర్క్‌హౌస్‌కి చేరారు.

వర్క్‌హౌస్ అంటే ఏమీ లేనివాళ్లకి సర్కారు ఇచ్చే నీడ. తిండి పెడతారు, పడుకోవడానికి చోటిస్తారు, బదులుగా పని చేయించుకుంటారు. గడప దాటగానే కుటుంబాన్ని విడదీస్తారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, పిల్లలు ఇంకోవైపు. అమ్మ ఒక దారిన, తామిద్దరూ ఒక దారిన వెళ్లాల్సి వచ్చిన ఆ క్షణం చాప్లిన్‌కి ముసలితనంలోనూ గుర్తుంది.

మొదటిసారి అమ్మను చూడటానికి పంపినప్పుడు ఆమె ఒంటి మీద వర్క్‌హౌస్ బట్టలు. కొద్ది రోజుల్లోనే బాగా చిక్కిపోయింది. పిల్లలిద్దరూ ఏడ్చారు. అది చూసి ఆమె కూడా ఏడ్చింది. తర్వాత తనే సర్దుకుని, తలలు నిమిరి, చేతిలో కొబ్బరి మిఠాయి పొట్లం పెట్టింది. అక్కడి నర్సు ఒకామెకి లేసు అల్లిపెడితే వచ్చిన చిల్లరతో కొన్న మిఠాయి అది.

బ్రెడ్డు బండిలో ప్రయాణం

మూడు వారాల తర్వాత పిల్లల్ని హాన్‌వెల్‌కి పంపించారు. అనాథలు, దిక్కులేని పిల్లల కోసం నడిపే పెద్ద బడి అది. లండన్ నుంచి దాదాపు 12 మైళ్లు. బేకరీ వాళ్ల గుర్రబ్బండిలో తీసుకెళ్లారు. దారి పొడవునా పచ్చని చెట్లు, పొలాలు. పిల్లలకి విహారయాత్రలా అనిపించింది.

అక్కడికి చేరాక మళ్లీ విడదీశారు. సిడ్నీ పెద్ద పిల్లల విభాగంలోకి, చార్లీ చిన్న పిల్లల విభాగంలోకి. ఒకే ప్రాంగణం, ఒకే గంట, ఒకే తిండి. కానీ పడుకునేచోట అన్న లేడు.  హాస్టల్లో మొదటి రాత్రి గడిపిన వాళ్లెవరికైనా ఆ దిగులు వేరే చెప్పనక్కర్లేదు.

నిజానికి హాన్‌వెల్‌లో పిల్లల్ని పస్తులు పెట్టలేదు. శుభ్రత ఉంది, చదువు ఉంది, వేళకి భోజనం ఉంది. చాప్లిన్ కూడా ఆ మాట ఒప్పుకున్నాడు. లేనిదల్లా 'నావాళ్లు' అనే మాటే. జంటలు జంటలుగా వరస కట్టించి ఊళ్లోకి షికారు తీసుకెళ్తే, దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. ఆ చూపులు ఆ పిల్లాడికి నచ్చలేదు. 'వీళ్లు ఫలానా చోటి పిల్లలు' అని చెప్పకుండానే చెప్పే చూపులవి.

వెన్న పెట్టిన బన్ను

సిడ్నీకి వంటగదిలో పని పడటం చార్లీకి అదృష్టం. అన్నదమ్ములు కలుసుకునేది చాలా తక్కువ. దొరికిన ఆ కాస్త సందులోనే సిడ్నీ ఒక బన్నుని మధ్యకి కోసి, లోపల పెద్ద వెన్నముద్ద పెట్టి, ఎవరూ చూడకుండా తమ్ముడి చేతిలో పెట్టేసేవాడు. చార్లీ దాన్ని చొక్కా లోపల దాచుకుని తీసుకెళ్లి ఇంకో పిల్లాడితో పంచుకుని తినేవాడు.

దాదాపు 70 ఏళ్ల తర్వాత, 1964లో వచ్చిన తన ఆత్మకథలో చాప్లిన్ ఈ బన్ను గురించి రాశాడు. రాస్తూ ఒక మాట స్పష్టంగా చెప్పాడు. అది ఆకలికి తిన్నది కాదట. అంత వెన్న అక్కడ దొరకని భోగం కాబట్టి గుర్తుందట.

ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఆకలి లేని పిల్లాడికి ఆ బన్ను ఎందుకంత గుర్తుండిపోయింది? ఆ బడిలో అందరికీ ఒకే కొలత, ఒకే వంతు. అన్న ఇచ్చింది మాత్రం వరసలో నిలబడి తీసుకున్న వంతు కాదు. 'ఇది నీకోసం దాచాను' అని ఇచ్చింది. వందలమంది పిల్లల మధ్య ఒక్కరు మనల్ని ప్రత్యేకంగా తలుచుకోవడం, పట్టుబడితే దెబ్బలు తప్పవని తెలిసీ దాచిపెట్టడం. ఇల్లు అంటే అదే కదా! నాలుగు గోడలు పోయినా, హాన్‌వెల్‌లో చార్లీకి మిగిలిన ఇల్లు ఆ బన్నులోనే ఉంది.

మూడు బెత్తం దెబ్బలు

దెబ్బలంటే గుర్తొచ్చింది. హాన్‌వెల్‌లో తప్పు చేసిన పిల్లల్ని శుక్రవారం శుక్రవారం పెద్ద హాలులో అందరి ముందూ కొట్టేవాళ్లు. మిగతా పిల్లలంతా మూడువైపులా వరసగా నిలబడి చూడాలి. ఓసారి మరుగుదొడ్డిలో ఎవరో కాగితాలు తగలబెట్టారు. ఆ పని చేసింది చార్లీ అని పేరు పిలిచారు. అతనికి ఆ సంగతే తెలియదు. కానీ 'చేశావా, లేదా?' అని గద్దించి అడిగేసరికి, కంగారులో 'చేశాను' అనేశాడు. మూడు దెబ్బలు పడ్డాయి. ఊపిరి ఆగిపోయేంత నొప్పి. అయినా ఏడవలేదు. పైగా తనేదో గెలిచినట్టు అనిపించిందట.

వంటగదిలో ఉండే సిడ్నీకి ఈ విషయం ముందు తెలియదు. శుక్రవారం అందరితో పాటు హాలులోకి వచ్చి చూస్తే, దెబ్బలు తినే వరసలో తన తమ్ముడు! పదకొండేళ్ల పిల్లాడు. అడ్డుపడలేడు, అరవలేడు. తమ్ముణ్ని కొడుతుంటే కోపంతో ఏడ్చేశానని తర్వాతెప్పుడో చెప్పాడు. దెబ్బలు తిన్నవాడు ఏడవలేదు, చూసినవాడు ఏడ్చాడు.

అన్న వెళ్లిపోయాక

1896 నవంబర్‌లో ఆ వెన్నబన్ను కూడా ఆగిపోయింది. పదకొండేళ్లు నిండిన పిల్లలు సైన్యంలోకో నౌకాదళంలోకో వెళ్తామని చెప్పుకునే వీలుండేది. సిడ్నీ నౌకాదళం అన్నాడు. పేద పిల్లలకి నావికుల శిక్షణ ఇచ్చే 'ఎక్స్‌మౌత్' ఓడకి పంపించారు. ఏడేళ్ల చార్లీ హాన్‌వెల్‌లో ఒంటరిగా మిగిలిపోయాడు. ఇంకో పద్నాలుగు నెలలు అక్కడే ఉన్నాడు.

ఆ రోజుల్లోనే బడిలో తామర వ్యాపించింది. తామర తగిలిన పిల్లలకి గుండు గీసి, తలంతా అయోడిన్ పూసి, విడిగా ఒక గదిలో ఉంచేవాళ్లు. అంతకుముందు అలాంటి పిల్లల్ని చూసి చార్లీ కూడా మొహం తిప్పుకున్నవాడే. ఇప్పుడు తనే ఆ గదిలో. కిటికీ దగ్గరికి వెళ్లాలన్నా సిగ్గు. సరిగ్గా అప్పుడే అమ్మ చూడటానికి వచ్చింది. గుండుతో, మరకల తలతో తనని చూసి ఏమంటుందోనని పిల్లాడు కుంచించుకుపోయాడు. ఆమె నవ్వేసి, దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. అంతే, సిగ్గంతా పోయింది.

తొమ్మిది పెన్నీల పండగ

1898 జనవరిలో చార్లీ హాన్‌వెల్ నుంచి బయటికొచ్చాడు. అమ్మ, సిడ్నీ, తను మళ్లీ ఒకే గదిలో. ఆ సంతోషం ఆరు నెలలే. ఆ జులైలో ముగ్గురూ మళ్లీ వర్క్‌హౌస్ పాలయ్యారు. ఈసారి పిల్లల్ని నార్వుడ్ బడికి పంపారు.

అక్కడ ఉన్నప్పుడే హన్నా ఒక ఉపాయం వేసింది. వర్క్‌హౌస్ నుంచి ఎవరైనా వెళ్లిపోతామంటే ఆపరు. పిల్లల్ని కూడా తల్లితో పంపేయాలి. ఆగస్టు 12న ఆమె 'మేం వెళ్లిపోతాం' అని చెప్పింది. ముగ్గురికీ సొంత బట్టలు తిరిగి ఇచ్చారు. ఇన్నాళ్లూ మూటగట్టి పడేసిన బట్టలు, ముడతలు పడి ఉన్నాయి. వెళ్లడానికి ఇల్లు లేదు, చేతిలో డబ్బు లేదు. 'ఎక్కడికమ్మా?' అంటే, ఎక్కడికీ లేదు. పిల్లలతో ఒక్కరోజు గడపాలి, అంతే!

సిడ్నీ దగ్గర దాచుకున్న తొమ్మిది పెన్నీలున్నాయి. కెన్నింగ్టన్ పార్కుకి వెళ్లి అరపౌను నల్ల చెర్రీలు కొనుక్కుని బెంచీ మీద కూర్చుని తిన్నారు. సిడ్నీ పేపరు ఉండ చుట్టి దారం కడితే, ముగ్గురూ బంతాట ఆడారు. మధ్యాహ్నం ఒక కాఫీ హోటల్లో రెండు పెన్నీల కేకు, ఒక ఉప్పుచేప, రెండు కప్పుల టీ ముగ్గురూ పంచుకున్నారు. మళ్లీ పార్కు. పిల్లలు ఆడుకుంటుంటే అమ్మ లేసు అల్లుకుంటూ కూర్చుంది. సాయంత్రం టీ వేళకి తిరిగి వర్క్‌హౌస్ గేటు ముందు నిలబడ్డారు. బట్టలన్నీ మళ్లీ ఆవిరి పట్టించాలి, కాగితాలన్నీ మళ్లీ రాయాలి. అక్కడివాళ్లకి ఒళ్లు మండిపోయింది.

చాప్లిన్ తర్వాత ఎన్ని దేశాలు తిరిగాడో, ఎన్ని విందులు తిన్నాడో! ఆ చెర్రీలు మాత్రం మర్చిపోలేదు.

ఆట మధ్యలో ఒక కబురు

ఆ పార్కు రోజు తర్వాత కొన్ని వారాలకే, సిడ్నీ ఫుట్‌బాల్ ఆడుతుంటే ఇద్దరు నర్సులు పక్కకి పిలిచారు. 'మీ అమ్మకి మతి చలించింది. కేన్ హిల్ పిచ్చాసుపత్రికి పంపారు' అన్నారు. పదమూడేళ్ల పిల్లాడు. విన్నాడు. ఏమీ అనకుండా తిరిగి వెళ్లి ఆట ఆడాడు. ఆట అయ్యాక ఎవరూ లేని చోటికి పోయి ఏడ్చాడు. ఆ తర్వాతే తమ్ముడికి చెప్పాడు.

పెద్దవాడిగా పుట్టడమంటే ఇదే కాబోలు. ఏడుపు ముందు తన వంతు, చెప్పడం తర్వాత. మన ఇళ్లలో కూడా చూస్తుంటాం. అమ్మకి బాగోలేదంటే అక్కో అన్నో మొహం కడుక్కుని వచ్చి, చిన్నవాళ్లకి అన్నం పెడతారు.

అరటిపళ్ల అత్తం

1903లో హన్నాకి మళ్లీ మతి తప్పింది. ఆమెని నడిపించుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లింది పద్నాలుగేళ్ల చార్లీయే. సిడ్నీ అప్పుడు ఓడ మీద బ్యూగిల్ ఊదే ఉద్యోగంలో ఎక్కడో సముద్రంలో ఉన్నాడు. తనని మళ్లీ అనాథల బడికి పంపేస్తారని చార్లీకి భయం. ఇంటావిడ కంటపడకుండా పొద్దున్నే బయటపడి, కట్టెలు కొట్టేవాళ్లతో కలిసి పనిచేసి, రాత్రెప్పుడో వచ్చి పడుకునేవాడు.

చివరికి ఒక టెలిగ్రాం వచ్చింది. రేపు పది గంటలకి వాటర్లూ స్టేషన్‌కి వస్తున్నానని సిడ్నీ పంపాడు. రైలు దిగిన అన్నకి తమ్ముడు మాసిన బట్టల్లో, చిరిగిన బూట్లతో కనిపించాడు. సిడ్నీ సామాన్లలో అరటిపళ్ల అత్తం ఉంది. 'అమ్మ ఏదీ?' అన్నాడు. చార్లీ చెప్పాడు. సిడ్నీ దగ్గర ఇరవై పౌన్ల జీతం డబ్బుంది. ముందు తమ్ముడికి బట్టలు కొన్నాడు. ఇద్దరం నాటకాల్లోకి వెళ్దామనుకున్నారు.

కొద్ది రోజులకే చార్లీకి 'జిమ్' నాటకంలో వేషం దొరికింది. చిక్కేమిటంటే, అతనికి చదవడం సరిగా రాదు. 35 పేజీల పాఠం. సిడ్నీ పక్కన కూర్చుని చదివి వినిపిస్తూ మూడు రోజుల్లో కంఠతా పట్టించాడు. 1908లో ఫ్రెడ్ కార్నో నాటక కంపెనీలో తమ్ముడికి చోటిప్పించిందీ సిడ్నీయే. ఆ కంపెనీతో వెళ్లే చార్లీ అమెరికా చేరాడు, సినిమాల్లోకి వచ్చాడు. 1916లో మ్యూచువల్ సంస్థతో వారానికి 10,000 డాలర్లు, పైగా 1,50,000 డాలర్ల బోనస్‌తో ఒప్పందం కుదిరినప్పుడు, తమ్ముడి తరఫున బేరమాడింది మళ్లీ అన్నే. పసితనంలో విడిపోయిన వీలర్ కూడా పెద్దయ్యాక అన్నల్ని వెతుక్కుంటూ వచ్చాడు. 'ది గ్రేట్ డిక్టేటర్'కి సహాయ దర్శకుడిగా పనిచేశాడు.

ఇక 1921లో వచ్చిన 'ది కిడ్' చూడండి. పిల్లాణ్ని అనాథాశ్రమం బండిలో ఎక్కిస్తే, చార్లీ ఇళ్ల కప్పుల మీద పరుగులు పెట్టి మరీ ఆ బండిని అందుకుంటాడు. 1896లో బ్రెడ్డు బండి వెనక అలా పరుగెత్తి వచ్చినవాళ్లు ఎవరూ లేరు. ఆ సినిమా వచ్చిన ఏడాదే అన్నదమ్ములు అమ్మని కాలిఫోర్నియా రప్పించుకున్నారు. 1928లో ఆమె అక్కడే కన్నుమూసింది.

మరి మన దగ్గర?

హన్నా పిల్లలు అనాథలు కారు. అమ్మ ఉంది, ప్రేమ ఉంది. లేనిది అద్దె డబ్బు, మందుల డబ్బు. మన చుట్టూ ఉన్న హోముల్లోనూ అలాంటి పిల్లలు కనిపిస్తారు. నాన్న పోయి, అమ్మ కూలికి పోయి, ముగ్గుర్ని సాకలేక వదిలిన పిల్లలు. మగపిల్లల హోం ఒకచోట, ఆడపిల్లల హోం ఇంకోచోట ఉంటే అక్కాతమ్ముళ్లు విడిపోక తప్పదు.

మన 2015 నాటి బాలల న్యాయ చట్టం, పిల్లల్ని హోంలో ఉంచడం ఆఖరి మార్గం కావాలంటుంది. ఇంట్లోనే పెరిగేలా ఆ కుటుంబానికి సాయం చేయడానికి 'స్పాన్సర్‌షిప్' అనే ఏర్పాటు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ 'మిషన్ వాత్సల్య' మార్గదర్శకాల ప్రకారం అర్హులైన పిల్లలకి నెలకి రూ.4,000 ఇస్తారు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. మీ వీధిలో, మీ ఊళ్లో హన్నాలాంటి అమ్మ ఎవరైనా ఉంటే ఈ రెండు ముక్కలు చెప్పండి. ఆ ఇంట్లో పిల్లలు ఒకే కప్పు కింద పెరగడానికి అదే ఆధారం కావచ్చు.

చాప్లిన్ 1931లో లండన్ వచ్చినప్పుడు హాన్‌వెల్ బడికి వెళ్లి చూసొచ్చాడు. అప్పటికి ప్రపంచంలో అతని మొహం తెలియనివాళ్లు లేరు. సిడ్నీ 1965లో చనిపోయాడు. ఆ రోజు ఏప్రిల్ 16, తమ్ముడి పుట్టినరోజు.

ఇప్పుడు ఆ తిండి బండి సీన్ ఇంకోసారి పెట్టుకోండి. తమ్ముడు ఒక్కో కేకూ నోట్లో వేసుకుంటుంటే, అన్న ఎంతసేపు అటు తిరిగి ఉంటాడో గమనించండి.